ఆ మొక్కలో ఈ నొప్పికి మందుందా?

నెలసరి నొప్పికి గంజాయి నూనె బాగా పనిచేస్తుందట... ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట ఇది. ఇందులో నిజమెంత, ప్రచారమెంత? చట్టం ఏమంటోంది? అన్నిటికీ మించి, నెలనెలా మెలికలు తిరిగిపోయే ఆడపిల్లకు అసలు ఊరట ఎక్కడుంది?

మనూర్... సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉండే మండలం. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా మెదక్ జిల్లాలో ఉండేది. మంజీర పరివాహకంలో కంది, పత్తి, పెసర, చెరుకు పండే నేల. కానీ నారాయణఖేడ్ ప్రాంతం పేరు పత్రికల్లో ఎక్కువగా కనిపించేది ఈ పంటల వల్ల కాదు. కంది సాళ్ల మధ్యనో, చెరుకు తోట నడుమనో గుట్టుగా పెంచుతున్న గంజాయి మొక్కల్ని ఆబ్కారీ సిబ్బంది పీకి తగలబెట్టారన్న వార్తల వల్ల! 2021 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గంజాయి సాగుచేసేవారికి రైతుబంధు ఆపేయాలని ఆదేశించేదాకా వెళ్లిందీ వ్యవహారం.

సరిగ్గా అదే మొక్క నుంచి తీసిన సరుకు అమెరికాలో అందమైన సీసాల్లో, 'ఆ మూడు రోజుల' మందుగా అమ్ముడుపోయింది. హాలీవుడ్ నటి హూపీ గోల్డ్‌బర్గ్ 2016లో కాలిఫోర్నియాలో ఓ కంపెనీయే పెట్టారు. నెలసరి నొప్పితో బాధపడే మహిళల కోసం గంజాయితో చేసిన పైపూతలూ స్నానపు లవణాలూ అమ్మడం దాని పని. 2020లో అది మూతపడింది గానీ, ఆ ఆలోచన మాత్రం దేశాలు దాటి మన ఫోన్లలోకీ వచ్చేసింది. 'సహజమైనది, మొక్క నుంచి తీసింది, ఏ దుష్ప్రభావమూ ఉండదు' అనే ప్రకటనలు కనిపిస్తుంటే, నొప్పితో విలవిల్లాడే అమ్మాయికి ఆశ పుట్టదా మరి!

ఆ ఆశ మీద వ్యాపారం జరగకముందే, అసలు సంగతేంటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

నొప్పి ఎందుకొస్తుంది?

ముందు ఒక్క విషయం. ఈ నొప్పి కల్పన కాదు, నాటకం అసలే కాదు. దానికి స్పష్టమైన కారణం ఉంది. గర్భం రాని నెలలో ప్రొజెస్టెరాన్ హార్మోన్ పడిపోతుంది. అప్పుడు గర్భాశయం లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల్ని విడుదల చేస్తుంది. అవి గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగిసేలా చేస్తాయి. అలా బిగిసినప్పుడు రక్తనాళాలు నొక్కుకుపోయి, కండరానికి ప్రాణవాయువు చాలదు. అదే నొప్పి! ప్రోస్టాగ్లాండిన్లు ఎంత ఎక్కువైతే నొప్పి అంత ఎక్కువ. వాంతులు, విరేచనాలు, తలనొప్పి, నడుమూ తొడలూ లాగెయ్యడం... అన్నిటి వెనకా ఉన్నవి చాలావరకూ ఇవే.

ఆయుర్వేదం దీన్ని 'కష్టార్తవం' అంది. మన ఇళ్లలో మాత్రం 'ఆడపుట్టుక అన్నాక తప్పుతుందా' అంటాం. పేరు ఏదైనా మందు అవసరమైన బాధ అది. మరి ఆ మందు గంజాయిలో ఉందా?

రాణిగారి కథ

ఈ ప్రచారంలో తప్పకుండా వినిపించే పేరు విక్టోరియా మహారాణి. ఆమె తన నెలసరి నొప్పికి గంజాయి వాడేదని చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేస్తేనే తేడా కొడుతుంది!

ఆ కథకు మూలం సర్ జాన్ రసెల్ రేనాల్డ్స్ అనే వైద్యుడు. ఆయన రాణిగారి ఆస్థానానికి వైద్యుడిగా నియమితుడైంది 1878లో. 1819లో పుట్టిన రాణికి అప్పటికి 59 ఏళ్లు. నెలసరి బాధల వయసు దాటిపోయిందన్నమాట! రేనాల్డ్స్ 1890లో 'లాన్సెట్' పత్రికలో తన ముప్ఫై ఏళ్ల అనుభవాన్ని రాసిన మాట నిజం. గంజాయితో చేసిన మందు రకరకాల నొప్పులకు ఉపయోగపడిందని అందులో చెప్పాడు. దాంతోపాటు మరో మాట కూడా గట్టిగా చెప్పాడు... ఈ మందు బలం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, అతి తక్కువ మోతాదుతో జాగ్రత్తగా మొదలుపెట్టాలని. ప్రచారంలో మొదటి మాట మిగిలింది, రెండోది ఎగిరిపోయింది.

నిజానికి ఆ మందు ఇంగ్లండుకు వెళ్లింది మన దేశం నుంచే. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన విలియం బ్రూక్ ఓషానెసీ ఇక్కడి వైద్యుల దగ్గర దాని వాడకం చూసి, తానూ పరీక్షించి 1839లో ఓ పత్రం సమర్పించాడు. ధనుర్వాతం, కీళ్లనొప్పుల్లాంటి వాటికి వాడి చూశాడు. ఆయుర్వేదంలో అయితే 'విజయ' పేరుతో శతాబ్దాలుగా ఉందిది. గ్రహణి రోగానికి వాడే జాతీఫలాది చూర్ణంలో ఇదీ ఒక దినుసే. అయితే అక్కడా నేరుగా వాడరు. శుద్ధి చేసి, ఇతర మూలికలతో కలిపి, వైద్యుడి చేతి మీదుగానే ఇస్తారు.

ఆనందం పేరుతో ఓ రసాయనం

మొక్క మన ఒంట్లో ఏం చేస్తుందో ఆధునిక వైద్యానికి తెలిసింది ఇటీవలే. గంజాయిలో వందకు పైగా ప్రత్యేక రసాయనాలున్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. మత్తు లేనిది సీబీడీ. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషౌలమ్ 1964లో తన సహచరుడితో కలిసి టీహెచ్‌సీని వేరుచేశాడు. ఈ రసాయనం తగులుకునే గ్రాహకాలు మన మెదడులో ఉన్నాయని 1988లో తేలింది. మొక్క కోసం మన ఒంట్లో తాళంకప్ప ఎందుకుంది? అంటే, దానికి సరిపోయే తాళంచెవి ఒంట్లోనే తయారవుతూ ఉండాలి కదా! 1992లో మెషౌలమ్ ప్రయోగశాలలో అదీ దొరికింది. దానికి వాళ్లు పెట్టిన పేరేంటో తెలుసా... 'ఆనందమైడ్'. మన సంస్కృత 'ఆనందం' నుంచి తీసుకున్నదే.

ఆ గ్రాహకాలు గర్భాశయంలోనూ ఉన్నాయి. కాబట్టి గంజాయి రసాయనాలకూ నెలసరి నొప్పికీ సంబంధం ఉండొచ్చన్న ఊహ గాల్లోంచి పుట్టింది కాదు. కానీ ఊహ వేరు, రుజువు వేరు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోశాయి. పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ తర్వాతి వాంతులకు గంజాయి మందులు ఉపయోగపడతాయనడానికి గట్టి ఆధారాలున్నాయన్నాయి. నెలసరి నొప్పి ఆ జాబితాలో లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొక్క నుంచి తీసిన సీబీడీ మందుకు 2018లో అనుమతిచ్చింది నిజమే. అది పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకు, నెలసరికి కాదు.

మరి 'నాకు తగ్గింది' అనేవాళ్ల మాటో? ఆస్ట్రేలియాలో ఎండోమెట్రియోసిస్ ఉన్న 484 మంది మహిళలు పాల్గొన్న ఓ సర్వే 2020లో అచ్చయింది. సొంతంగా ఏదో ఒక ఉపశమన మార్గం పాటిస్తున్నవారిలో నూటికి 13 మంది గంజాయి వాడుతున్నామనీ, నొప్పి బాగా తగ్గిందనీ చెప్పారు. వాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. కానీ అది వాళ్లు చెప్పిన మాట, అదీ వేరే జబ్బు విషయంలో. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తి నూనె ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో తెలియకుండా పోల్చే పెద్ద పరీక్షలు మామూలు నెలసరి నొప్పి మీద జరగాల్సే ఉంది.

మూడు నూనెలు... మూడు కథలు

'గంజాయి నూనె' అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులున్నాయి. తికమకంతా ఇక్కడే.

ఒకటి, గింజల నూనె. నువ్వుల్ని గానుగాడినట్టే ఈ మొక్క గింజల్ని ఆడించి తీస్తారు. మంచి కొవ్వులుండే వంటనూనె తరహా పదార్థం. దీన్ని ఆహారంగా మన ఆహార భద్రత సంస్థ 2021 నవంబరులో అనుమతించింది. ఇందులో మత్తూ ఉండదు, మందూ దాదాపు ఉండదు. దీన్నే 'నొప్పి నివారిణి' అంటూ ఎక్కువ ధరకు అంటగట్టేవాళ్లున్నారు. జాగ్రత్త!

రెండోది, సీబీడీ ఎక్కువగా ఉండే నూనె. మన దేశంలో ఇలాంటివి లైసెన్సున్న ఆయుర్వేద కంపెనీల 'విజయ' ఔషధాలుగా, ఆకు సారంతో వస్తున్నాయి. ఔషధ నిబంధనల్లోని విషద్రవ్యాల పట్టికలో గంజాయి మొక్క ఉంది. కాబట్టి వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాల్సిందే.

మూడోది, గంజాయి పూమొగ్గల నుంచో బంక నుంచో తీసే చిక్కటి నూనె. ఇది నిషిద్ధం. ఇంట్లో తయారుచేస్తే అందులో ఎంత మత్తు ఉందో చేసినవాళ్లకే తెలియదు. పైగా నోటి ద్వారా తీసుకున్నది తలకెక్కడానికి గంటో రెండు గంటలో పడుతుంది. 'ఇంకా పనిచెయ్యలేదే' అని మరో మోతాదు మింగితే అంతే సంగతులు... గుండెదడ, భయం, భ్రమలు.

పోనీ కొన్న సీసానైనా నమ్మొచ్చా? అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 84 సీబీడీ ఉత్పత్తుల్ని పరిశోధకులు కొని పరీక్షించగా, 2017లో వచ్చిన ఫలితం ఇది: లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి నూటికి 31 మాత్రమే! 18 ఉత్పత్తుల్లో మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా దొరికింది. రేనాల్డ్స్ 1890లో చెప్పిన 'బలం ఒక్కోసారి ఒక్కోలా' అన్న మాట అన్నేళ్ల తర్వాతా అలాగే నిలిచిందన్నమాట.

'సహజం కాబట్టి ఏమీ కాదు' అన్నది మరో అపోహ. సీబీడీ కాలేయ పరీక్షల్లో తేడాలు తేగలదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొన్ని మూర్ఛ మందులతో పేచీ పెట్టుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ రూపంలోనూ దీని జోలికి వెళ్లకూడదు. ఎదిగే వయసు మెదడుకు టీహెచ్‌సీ చేటు చేస్తుంది. నెలసరి నొప్పి ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వయసు పిల్లలకే అన్నది గుర్తుంచుకోవాలి.

చట్టం ఏమంటోంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం పూమొగ్గ గంజాయి, బంక చరస్. ఒట్టి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. అలాగని పెరట్లో మొక్క పెంచుకోవచ్చనుకుంటే పొరపాటే. అనుమతి లేకుండా ఆ మొక్కను సాగుచెయ్యడమే నేరం. పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. గంజాయి 20 కిలోలు, చరస్ లేదా దాని నూనె కిలో దొరికితే 'వాణిజ్య పరిమాణం'. అప్పుడు కనీస శిక్షే పదేళ్లు. గంజాయితో పోలిస్తే నూనె ఎంత తక్కువ తూకానికే ఎంత పెద్ద కేసవుతుందో చూడండి. 'మందు కోసమే తీశాను' అంటే కోర్టులో చెల్లదు.

నార కోసం, గింజల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతివ్వొచ్చని అదే చట్టం చెబుతోంది. ఆ వెసులుబాటుతోనే ఉత్తరాఖండ్ 2018లో మత్తు 0.3 శాతం మించని రకాలకు లైసెన్సులిచ్చింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తీసేసినప్పుడు మన దేశమూ అందుకు అనుకూలంగానే ఓటేసింది. అంటే పరిశోధనకు తలుపులు మెల్లగా తెరుచుకుంటున్నాయి. గంజాయి వనంలో తులసి మొక్క ఉందేమో వెతకాల్సిందే. కానీ ఆ పని చెయ్యాల్సింది ప్రయోగశాలలు. కంది చేలో దొంగసాగు చేసే దళారీలు కాదు.

ఓర్పు ఖరీదు

ఇంతకీ గంజాయి నూనె మాటకు ఇంత గిరాకీ ఎందుకొచ్చింది? నొప్పికి సరైన జవాబు చెప్పేవాళ్లు లేకపోబట్టి. ఆ ఖాళీలోకి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఒకచోట నూనె. మరోచోట... ఏకంగా ఆపరేషన్!

నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలు, తండాల నుంచి ఏటా ఎన్నో జంటలు చెరుకు నరకడానికి పొరుగు జిల్లాలకు, మహారాష్ట్ర, కర్ణాటకలకు వలసపోతుంటాయి. ముందే తీసుకున్న అడ్వాన్సుకు రోజుల లెక్కన పని. పొలం పక్కనే గుడిసె, మరుగుదొడ్డి ఉండదు. అలాంటి చోట నెలసరి నొప్పి అంటే కూలి పోవడం. ఇదే పని చేసే మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మహిళల గురించి 2019లో దేశమంతా విస్తుపోయింది. అక్కడి ప్రభుత్వ కమిటీ విచారించిన 82,309 మంది చెరుకు కూలీల్లో 13,861 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దాదాపు ఆరుగురిలో ఒకరికి!

మనమేమీ తక్కువ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలోనే అత్యధికం మన రెండు రాష్ట్రాల్లోనే. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాల్ని అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు ఆ సంచి' అనుకుని తీయించుకుంటే నొప్పి పోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్నవయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది.

పదో తరగతిలో 'ఓర్చుకో' అన్న మాట ముప్ఫై ఐదేళ్లకు 'తీసేయించుకో' అవుతోంది. ఆ రెంటి మధ్యా ఉన్న మందులేవీ ఆమెదాకా రావడం లేదు.

చేతికందే ఊరట

ప్రోస్టాగ్లాండిన్లే కారణం కాబట్టి, వాటి తయారీని ఆపే మందే అసలైన మందు. ఐబుప్రొఫెన్, మెఫినమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ చేసేది అదే. 80 పరీక్షల్ని, 5,820 మంది మహిళల్ని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2015లో వచ్చింది. ఉత్తి మాత్రతో నూటికి 18 మందికి ఉపశమనం కలిగితే, ఈ మందులతో 45 నుంచి 53 మందికి కలుగుతుందని అందులో తేలింది. గంజాయి నూనెకు ఇంకా లేని రుజువు ఈ చవక మాత్రలకు ఉంది!

వాడే తీరు ముఖ్యం. నొప్పి ముదిరాక కాదు, మొదలవుతుండగానే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వద్దు. రెండుమూడు రోజులకు మించనక్కర్లేదు. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. మెఫినమిక్ యాసిడ్‌తో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావొచ్చని భారత ఔషధ ప్రమాణాల సంస్థ 2023 చివర్లో హెచ్చరించింది. మందు వాడాక కొన్ని వారాల్లోపు జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్రలు పడవా? కాపడం ఉంది. 2001లో 81 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో, పొత్తికడుపు మీద సన్నటి వేడి నిలకడగా తగిలేలా చేస్తే ఐబుప్రొఫెన్‌కు దీటుగా పనిచేసిందని తేలింది. వేడినీళ్ల సంచి, అదీ లేకపోతే గోరువెచ్చటి నీళ్లు పోసిన సీసాను బట్టలో చుట్టి పెట్టుకోండి. మరీ వేడైతే చర్మం కాలుతుంది సుమా! వారానికి మూడుసార్లు ముప్పావుగంటకు తగ్గకుండా వ్యాయామం చేసినా నొప్పి తగ్గుతుందని 2019లో మరో కోక్రేన్ సమీక్ష చెప్పింది. వీటితో లొంగకపోతే డాక్టర్ సలహాతో హార్మోన్ మాత్రలూ ఉన్నాయి. అవి 'పెళ్లికాని పిల్లకు వద్దు' అనుకోవడం అపోహే.

వీటికి ఆగొద్దు

మాత్ర వేసుకున్నా బడికో పనికో వెళ్లలేకపోతున్నా... ఇన్నాళ్లూ లేని నొప్పి పాతికేళ్లు దాటాక మొదలైనా... నెలనెలకీ పెరుగుతున్నా... నెలసరి లేని రోజుల్లోనూ వస్తున్నా... గంటకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తస్రావం ఉన్నా... జ్వరం, దుర్వాసన తోడైనా... వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఫైబ్రాయిడ్లో ఇన్ఫెక్షనో కావొచ్చు. పునరుత్పత్తి వయసు మహిళల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండే ఎండోమెట్రియోసిస్ కావొచ్చు. ఇలాంటప్పుడు ఏ నూనో రాసుకుని నొప్పిని మరుగుపరిస్తే జబ్బు లోలోపల ముదురుతుంది.

మనూర్ లాంటి మండలాల్లో ఈ మాటను ముందుగా మోసుకెళ్లగలిగేది ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే దొరికే చిన్న మాత్ర, కాస్త పెద్దదైతే నారాయణఖేడ్ ఏరియా ఆసుపత్రి. దారి అంత దూరమేమీ కాదు. దూరమంతా ఇంట్లోనే ఉంది... 'అమ్మా, నొప్పిగా ఉంది' అని కూతురు చెప్పడానికీ, 'పద, చూపించుకొద్దాం' అని తల్లి అనడానికీ మధ్య!

గంజాయి నూనె మీద పరిశోధనలు సాగనివ్వండి. రేపు రుజువైతే డాక్టర్లే రాసిస్తారు. ఈ నెల నొప్పికి మాత్రం రుజువైన మందు ఈరోజే ఉంది.